పొడల్లేని దొర

మా గురువుగారు నర్సింగప్ప ప్రశ్న అడిగితే జవాబు చెప్పేవారు కాదు; పశువుల సంగతి ఎత్తుకునేవారు. కొండ కింద ఆయనకున్న ఆశ్రమమల్లా ఒక పశువుల కొట్టం. అందులో చేరిన మాకు వేదాంతం ఎంత వంటబట్టిందో చెప్పలేను గాని, పాలు పితకడం మాత్రం వచ్చింది. నాకు అదీ అంతంతే. నా చెయ్యి తగిలితే చేపిన ఆవు కూడా పాలు వెనక్కి లాక్కునేది.

నేను బడిలో చదివినవాణ్ణి కాను. పద్యం ఒక భజన మేళగాడి దగ్గర, లెక్కలు ఒక కిరాణా కొట్లో, చదవడం పొట్లాలు కట్టిన కాగితాల మీద నేర్చుకున్నాను. ఒకరోజు పేడ ఎత్తుతూ ఉండబట్టలేక అడిగేశాను. “గురువుగారూ, ఎక్కడెక్కడివో ఏరుకొచ్చి నాలో వేసుకున్నాను. ఇందులో నాదంటూ ఏముంది?”

ఆయన నా నెత్తి మీది పేడగంప దించించి, “కొండ మీద తండాల చాందీబాయి అని ఒకామె ఉంటుండె,” అని మొదలుపెట్టారు.

ఆ తండావి పొడ ఆవులు. తెల్లటి ఒంటి మీద ఎర్రటి మచ్చలుంటాయి. ఆ మచ్చలే పొడలు. దిగువ ఊళ్లలో చాలామందికి ఆ జాతి పేరే తెలియదు. సంతలో బరువు చూసి కొనే బేరగాళ్లు వాటి పిర్ర మీద తట్టి, పెదవి విరిచి పోయేవారు. అయితే రాళ్ల కొండ ఎక్కడంలో వాటికి సాటి లేదు. తండాకు అదే గర్వం. ఆ గర్వంతోనే బయటి ఆబోతును మందలోకి రానివ్వలేదు. ఒక్క ఆబోతు కొడుకులూ మనవలే మందలోని ఆవులను చూలు చేస్తూ రావడంతో ఏటికేడాది దూడలు చిక్కిపోయాయి. కొన్నయితే పుట్టి, లేచి నిలబడలేకపోయాయి.

చాందీబాయి ఎవరికీ చెప్పకుండా తన మంచి ఆవును దిగువకు తోలుకుపోయి, ఒక రైతు దగ్గరున్న భారీ తెల్ల ఆబోతుతో దాటించుకొచ్చింది. కోడెదూడ పుట్టింది. పెద్ద మూపురం, పాలనురుగు లాంటి ఒళ్లు. భూతద్దం పెట్టి వెతికినా ఒక్క పొడ లేదు. తండా వాడికి ‘దొర’ అని పేరు పెట్టి పగలబడి నవ్వింది.

ఆ తండాలో ఒక కట్టుబాటు ఉంది. ఆబోతుగా ఉంచదలచిన కోడె ఎండాకాలం మొదట్లో మంద వెనకాలే కొండెక్కి పై ఊట దాకా రావాలి. తాడు వెయ్యకూడదు, కర్ర ఎత్తకూడదు. యజమాని పైన వీపు తిప్పి నిలబడాలి, నోరెత్తి పిలవకూడదు. ఎక్కిందా, మందకు ఆబోతు. లేదా, విత్తులు కొట్టించి నాగలికి అమ్మెయ్యాలి. దొర ఓడిపోతే ఇక ఏ కొత్త నెత్తురునూ తండా దగ్గరికి రానివ్వదని చాందీబాయికి తెలుసు.

దొర ఈడుకొచ్చిన ఏడు, పరీక్ష నాటి పొద్దున మందంతా రాళ్ల మీదుగా నిలువునా ఎక్కిపోయింది. దొర మాత్రం సగంలో ఆగి, రొప్పుతూ నిలబడ్డాడు. ముందే పైకి చేరి బండ మీద కూర్చున్న తండా పెద్ద హాన్యానాయక్ బొజ్జ నిమురుకుంటూ, “చాందీ, నీ దొరకు పల్లకి కావాలె. బోయీలను పిలువమంటవా?” అన్నాడు. అందరూ నవ్వారు. చాందీబాయి తిరిగి చూడలేదు. పొరపాటున పిలిచేస్తానేమోనని కొంగు నోట్లో కుక్కుకుంది.

కాసేపటికి కింద గిట్టల చప్పుడు వినిపించింది. దొర నిలువునా ఎక్కడం లేదు. ఒళ్లు బరువు గనక కుడికి కొంత, ఎడమకు కొంత, ఏటవాలుగా వస్తున్నాడు. అన్నిటికన్నా వెనక వచ్చి, అందరి మధ్యనుంచీ నడిచి, ఊటలో మూతి పెట్టాడు.

“ఎక్కుడైతే ఎక్కిండు,” అన్నాడు నాయక్. “గాని ఇది మన నడక కాదు. వంకర నడక.”

చాందీబాయి అప్పుడు తిరిగింది. “పొద్దుగాల మంద కదలకముందు నువ్వెట్ల ఎక్కొచ్చినవ్ నాయక్? నేను ఈడికెల్లి చూస్తనే ఉంటి. గట్లనే గద!”

ఈసారి తండా నాయక్ బొజ్జను చూసి నవ్వింది. ఆయనా నవ్వులో కలిశాడు. పెద్దరికం దక్కించుకోవడానికి వేరే దారి కనబడలేదు. దొర మందలో ఉండిపోయాడు.

“మరుసటేడు దొర దూడలు పుట్టినయి,” అన్నారు గురువుగారు. “పుట్టుడుతోనే లేచి నిలబడ్డయి. ఒళ్లు తండ్రిది, ఒంటినిండ ఎర్రపొడలు. నాయక్ ఒకదాన్ని సంతకు పట్టుకపోయి, ‘ఇది మా తండా పొడ, ఇసుంటిది మీకాడ ఉన్నదా?’ అని మీసం మెలేస్తుండె. చాందీ వచ్చి పక్కకు నిలబడితే మాత్రం జర మెల్లగ మెలేస్తుండె.”

కథ నాకు నచ్చింది గాని, ప్రశ్న ఉన్నచోటే ఉండిపోయింది. నా రెండు చేతులూ తిరగేసి చూసుకున్నాను. పేడ తప్ప మరేమీ కనబడలేదు.

“మరి నాలో నాదేమిటో చెప్పనే లేదు,” అన్నాను.

గురువుగారు గంప ఎత్తి మళ్లీ నా నెత్తిన పెట్టారు.

“దొర తన ఒంటి మీద పొడలు వెతుక్కున్నడారా?” అన్నారు.