గడపమ్మ గుడికి అడ్డుపడిన ఇద్దరు

ఎర్రవంక దగ్గర బస్సు దిగి, సీతాఫలపు చెట్ల మధ్య నూట పది మెట్లు ఎక్కితే గడపమ్మ గుడి వస్తుంది. లోపల విగ్రహం ఉండదు. గుమ్మంలోని నల్లరాతి గడపకే పూజ. ఆ రాతిని తొక్కరాదు. భక్తులు పక్కనున్న సన్నని దారిలో లోపలికి వెళ్లాలి.

పూర్వం ఇక్కడ పెద్దమ్మ తల్లికి చిన్న గుడి ఉండేది. గొర్రెలు కాచుకునే కురువ గురవమ్మ దీపం పెట్టేది. కొండ కింది ఊళ్లో దూదేకుల వారివి పదహారు ఇళ్లు. వారి దైవం వేరు, మొక్కే తీరూ వేరు. ఒక వేసవిలో ఊరికి మశూచి సోకింది. వీరి ప్రార్థనల వల్లే అమ్మవారికి కోపం వచ్చిందని పుకారు పుట్టింది. పాళెగాడు దాన్ని నమ్మి, వారి ఇళ్లు తగలబెట్టి, మనుషులను పట్టి తెమ్మని భటులను పంపాడు.

ఆ మధ్యాహ్నం గుడి నీడలో గురవమ్మకు కునుకు పట్టింది. అమ్మవారు కలలో కనిపించి, “నా బిడ్డలు వస్తున్నారు. గుడికి తలుపు లేదు, నువ్వే అడ్డుండు” అంది. కళ్లు తెరిచేసరికి కింద ఇళ్ల మీద పొగ. పిల్లలను చంకన వేసుకుని దూదేకుల వారు కొండ ఎక్కుతున్నారు. గురవమ్మ అందరినీ లోపలికి పంపి గుమ్మానికి అడ్డంగా పడుకుంది.

వెనకే భటులను నడిపిస్తూ వచ్చిన దళవాయి తిప్పానాయుడు, వాళ్లు నీకేమవుతారని అడిగాడు.

“అమ్మ నీడకు వచ్చారు నాయనా. లోపలికి పోవాలంటే నన్ను తొక్కుకుంటూ పో” అందామె.

అమ్మవారి పసుపు పూసుకున్న మనిషిని తొక్కడానికి భటులకు కాలు రాలేదు. చుట్టూ కాపలా కాసి నీళ్లు అందకుండా చేశారు. రెండో రోజుకు ఆమె పెదవులు పగిలాయి. మన కోసం ఆమె చావడమెందుకు, లొంగిపోదామని లోపలి పెద్దలు అనుకున్నారు. అప్పటికే రెండు ఊళ్ల నుంచి తరిమివేయబడిన ఖాసింబీ ఒప్పుకోలేదు. “ఇది మూడో ఊరు. ఇంక కదలను” అని బయటికి వచ్చి గురవమ్మ పక్కనే పడుకుంది.

మూడో రోజు ఉదయం ఊరి ఆడవాళ్లు నీళ్ల కడవలతో కొండెక్కారు. ముందు నడిచింది తిప్పానాయుని తల్లి. కొడుకును దాటుకుని వెళ్లి ఆ ఇద్దరి నోట నీళ్లు పోసి, లోపలి వారికీ కడవలు అందించి, తానూ అక్కడే కూర్చుంది. తిప్పానాయుడు కత్తి ఒరలో పెట్టాడు.

అయినా గురవమ్మ లేవలేదు. కాల్చిన ఇళ్లు కట్టిస్తానని, వీరి జోలికి ఎవరినీ రానివ్వనని పాళెగాడే వచ్చి గడప మీద చెయ్యి వేసి చెప్పాలంది. ఆడవాళ్లూ దిగిరాలేదు. ఊళ్లో పొయ్యి వెలగలేదు. ఐదో రోజున పాళెగాడు వచ్చి, వంగి, చెయ్యి వేశాడు. అప్పటి నుంచి పెద్దమ్మను ఆ గడపలోనే చూసుకుని గడపమ్మ అని కొలుస్తున్నారు.

నేటికీ వైశాఖంలో మొదటి శుక్రవారం గడపకు పసుపు రాసేది ఇద్దరే: గురవమ్మ వంశపు కోడలు, ఖాసింబీ వంశపు కోడలు. ప్రాణభయంతో వచ్చినవారికి ఊరూ పేరూ అడగకముందే ఇక్కడ అన్నం పెడతారు. ఈ గడప మీద చెయ్యి వేసి మొక్కుకుంటే నిలువ నీడ దొరుకుతుందని, తరిమినవారే వచ్చి తిరిగి పిలుస్తారని ఈ చుట్టుపక్కల వారి నమ్మకం.