తెలిసి చెప్పిన జవాబు

ప్రీఫైనల్ పేపర్లు దిద్ది ఇచ్చిన రోజు సుమలత కోపంతో ఊగిపోతూ ల్యాబు గదిలోకి వచ్చింది. ఆ స్కూల్లో పదో తరగతికి మొదటినుంచీ ఫస్టు ఆమే. ఈసారి భౌతికశాస్త్రంలో నలభైకి ముప్పై ఆరు వచ్చాయి. పక్కన కూర్చునే నస్రీన్‌కు ముప్పై ఎనిమిది.

"ఇంక నేనెవ్వరికీ చెప్పను సార్. ఆమెకు ఓమ్ నియమం నేర్పింది నేను. లెక్కలు చేయించింది నేను. నా దగ్గర నేర్చుకొని నన్నే దాటిపోయింది."

దేవసహాయం సారు పరీక్షనాళికలు కడుగుతున్నారు. ఇద్దరిద్దరు కలిసి చదవాలి, ఒకరికి రానిది ఇంకొకరు చెప్పాలి అని క్లాసులో పద్ధతి పెట్టింది ఆయనే.

"నస్రీన్ నీకేమన్నా అన్యాయం చేసిందా?"

"లేదు."

"మరి కోపం ఎవరి మీద?"

సుమలత తలుపు ధడాలున వేసి వెళ్లిపోయింది.

మరునాడు భోజనాల వేళ నస్రీన్ నోటుబుక్కు పట్టుకొచ్చింది. "సుమా, ఓమ్ నియమం ప్రయోగంలో అమ్మీటరు శ్రేణిలోనే కదా కలపాలె?"

"కాదు. సమాంతరంగా కలపాలె. శ్రేణిలో పెట్టేది వోల్టుమీటరు."

"పుస్తకంలో ఇంకో తీరుగ..."

"నీకే అంత తెలిస్తే నన్నెందుకు అడుగుతున్నవ్?"

అది సరిగ్గా తలకిందుల జవాబు. నిద్రలో లేపి అడిగినా సుమలత అసలు జవాబు చెప్పగలదు.

ఆ మధ్యాహ్నమే సారు నోట్సులు చూశారు. నస్రీన్ నోట్సులో సరైన బొమ్మ మీద పెన్నుతో రెండు అడ్డగీతలు ఉన్నాయి. దాని కింద స్కేలు పెట్టి, పెన్సిలుతో, ఎంతో పొందికగా గీసిన తప్పు బొమ్మ.

"ఇది ఎందుకు కొట్టేసినవమ్మా?"

"తప్పని సుమ చెప్పింది సార్."

ఆయన మొహం జేవురించింది.  సుమలతను పిలిచి చేతిలో సుద్దముక్క పెట్టారు.

"నస్రీన్‌కు ఎట్ల చెప్పినవో అట్లనే బోర్డు మీద గీయి. అందరూ రాసుకోండి."

ఆయనకు తెలిసిపోయిందని ఆమెకు అర్థమైంది. సిగ్గుకు బదులు కోపమే ఇంకా పొంగింది. గీస్తే ఏమైతది, గీస్తా అనుకుంది. సుద్ద విరిగేంత గట్టిగా నొక్కి గీసింది. ఎవరో ఒకరు తప్పని అరుస్తారని చూసింది.

ఎవరూ అరవలేదు. తలలన్నీ వంగి ఉన్నాయి.

ముందు బెంచీలో ఈశ్వరి ఒక్కతే తల ఎత్తింది. "పుస్తకంలో ఇట్ల లేదు కదా?"

పక్కనున్న రత్నమాల ఆమెను మోచేత్తో పొడిచింది. "సుమ గీసిందంటే అదే కరెక్టు. పుస్తకంలో అచ్చుతప్పు పడ్డదేమో."

ఈశ్వరి రబ్బరు తీసుకొని తన నోట్సులోని సరైన బొమ్మ చెరిపేసుకుంది.

సుమలత సారు వైపు తిరిగింది. "సార్, తుడిచేస్తా," అంది మెల్లగా.

"ఆగు. వెనక బెంచీలవాళ్లు ఇంకా రాసుకుంటున్నరు." ఆయన గొంతు పెరగలేదు. 

ఆమె నిలబడింది. గదిలో పెన్సిళ్ల చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఒక్కో గీతా వినబడుతోంది. ఇంక ఉండబట్టలేక రెండు అరచేతులతో బోర్డు తుడిచేసింది.

"రాయకండి! అది తప్పు. నాకు తెలుసు. తెలిసే నస్రీన్‌కు కూడా తప్పు చెప్పిన."

నస్రీన్ లేచి నిలబడింది. 

"వచ్చే సోమవారమే పరీక్ష. పుస్తకాన్ని కాదని నిన్ను నమ్మిన సుమా."

అంతే అంది. కూర్చొని మొహం కిటికీ వైపు తిప్పుకుంది. సుమలత ఆ మొహం కోసం చాలాసేపు చూసింది. అది ఇటు తిరగలేదు.

"నన్ను బయటికి పంపియ్యండి సార్."

సారు ఇంకో సుద్దముక్క ఆమె చేతిలో పెట్టారు. వెళ్లి చివరి బెంచీలో పిల్లల మధ్య కూర్చొని, ఒకరి నోట్సు అడిగి తీసుకొని, ఖాళీ పేజీ తెరిచారు.

"పీరియడు ఇంకా ఇరవై నిమిషాలుంది. గీయి. నేనూ రాసుకుంట."