తడివేలి రాయి

నందిరేవు పట్నంలో పాత దొరల తోట ఎక్కడని అడిగితే ఆటోవాళ్ళు తెలియదంటారు. ఐసు ఫ్యాక్టరీ వెనక సమాధుల దొడ్డి అంటే మాత్రం మారుమాట లేకుండా తీసుకొస్తారు. కోటపేట గడియార స్తంభం దగ్గర దిగి నడిచినా పది నిమిషాలే. పెద్ద ఇనప గేటు తుప్పుపట్టి బిగుసుకుపోయింది కాబట్టి దాన్ని ఊపవద్దు. దాని కుడిపక్కన చిన్న తలుపు ఉంది. ఉదయం ఏడు నుంచి సాయంత్రం ఆరు దాకా తెరిచే ఉంచుతారు.

లోపల మూడువందల పన్నెండు రాళ్ళున్నాయి. తూర్పు గోడ వెంట వెళితే పంతొమ్మిది రోజులు బతికిన ఒక పాప రాయి, దాని పక్కనే ఆరు రోజుల తేడాతో పోయిన ఆ పాప తల్లి రాయి కనిపిస్తాయి. ఇంకాస్త ముందుకు పోతే బ్యాండుమేళంలో బాకా ఊదినవాడి సమాధి. రాతిమీద బాకా చెక్కి ఉంది కానీ మనిషి పేరు సగం ఊడిపోయింది. ఆరు రాళ్ళు చాలాకాలం చాకిరేవులో ఉతుకుబండలుగా పనిచేసి, బతిమాలితే తిరిగొచ్చాయి. బోర్లా వేసి ఉతికారు గనక వాటి అక్షరాలు మిగతావాటికన్నా శుభ్రంగా ఉన్నాయి. ఇందులో ఎవరిని తిట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు.

అయితే వచ్చేవారిలో నూటికి తొంభైమంది ఇవేమీ చూడరు. నేరుగా పొగడచెట్టు కిందికి వెళతారు. అక్కడ మనిషి ఎత్తున ఒక బూడిదరంగు రాయి నిలబడి ఉంది. దానిమీద ఒక్క అక్షరం లేదు. దానినే తడివేలి రాయి అంటారు. సముద్రంలో పోయి ఒళ్ళు దొరకనివారి పేరును నీళ్ళలో ముంచిన వేలితో ఆ రాతిమీద రాయడం ఇక్కడి ఆచారం. పేరు ఆరేదాకా నిలబడాలి. ఆరిపోతే పోయినవారికి చేరిందని అర్థం. కొబ్బరికాయలు కొట్టరాదు, కొవ్వొత్తులు అంటించరాదు. ఇంకు పెన్నులతో రాసినవారిని నేను స్వయంగా తిట్టాను, ఇకముందూ తిడతాను.

పూర్వం ఇక్కడ, అంటే సుమారు నూట అరవై ఏళ్ళ కిందట, రేవు నిండా ఓడలు ఆగే రోజుల్లో, ఆల్డ్రిజ్ అనే దొర రేవు అధికారిగా ఉండేవాడు. సమాధుల కమిటీకి పెద్ద కూడా ఆయనే. చెడ్డవాడని ఎవరూ చెప్పలేదు. ప్రతిదానికీ ఒక పద్ధతి ఉండాలనే మనిషి, అంతే. ఎక్కడో దూరదేశంలో చనిపోయిన బంధువులకు కూడా ఇక్కడ రాళ్ళు నిలబెట్టి కొందరు జాగా ఆక్రమిస్తున్నారని ఆయన నియమాల పుస్తకం ఒకటి రాశాడు. అందులో తొమ్మిదో నియమం ఇది: దేహం లేనిచోట పేరు చెక్కిన రాయి ఉండరాదు.

అదే దొర బతికుండగానే తన రాయి తాను చేయించుకున్నాడు. కొండల నుంచి రాయి తెప్పించి, లక్కోజు మౌనాచారి అనే రాతిపని మేస్త్రిచేత పేరు, హోదా, పుట్టిన ఏడు చెక్కించి, పోయిన తేదీకి మాత్రం చోటు వదిలిపెట్టించాడు. నాలుగడుగుల లోతు పునాది తీయించి, బెల్లం నీళ్ళు కలిపిన సున్నం పోయించాడు. ప్రతి ఆదివారం చర్చి అయ్యాక వచ్చి, చేతిరుమాలుతో ఆ రాయి తుడుచుకుని వెళ్ళేవాడు.

ఆ కాలంలోనే కోటపేటలో కెజియమ్మ అనే ఆవిడ ఉండేది. ఆమె భర్త తీతు ఓడలో కళాసీ. ఒక కార్తీకంలో రంగూనుకు పొగాకు వేసుకుపోతున్న ఓడ తుఫానులో మునిగింది. పద్నాలుగుమంది కళాసీలు పోయారు. ఒక్కరి ఒళ్ళూ ఒడ్డుకు రాలేదు. కెజియమ్మకు పిల్లలు లేరు, అటువైపు బంధువులూ లేరు.

ఆమె దుఃఖంలో ఇంకొక చిక్కుంది. భర్త పేరు భార్య నోటితో పలకని కాలం అది. మతం మారినా ఆ మర్యాద మారలేదు. చర్చిలో ఏటా నవంబరు మొదటి ఆదివారం చనిపోయినవారి పేర్లు చదివేవారు కానీ, సమాధుల పుస్తకానికి ఎక్కిన పేర్లే చదివేవారు. సమాధి లేదు గనక తీతు పేరు పుస్తకంలో లేదు. భార్య పలకదు, చర్చి చదవదు, పిలిచే పిల్లలు లేరు. ఆ పేరు మిగిలిందల్లా కెజియమ్మ ఎడమ ముంజేతి మీద, పెళ్ళప్పుడు తిరునాళ్ళలో పొడిపించుకున్న రెండక్షరాల పచ్చబొట్టుగానే. ఆమె చనిపోతే అదీ మట్టిలో కలుస్తుంది.

స్థలపురాణం అన్నాక కల ఉండాలి. ఇక్కడా ఉంది. ఒక తెల్లవారుజామున తీతు ఆమె కలలోకి వచ్చి గడపకు అవతల తడిబట్టలతో నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు. "నేనెక్కడ కూర్చోను?" అని అడిగాడట. అంతే. గుడి కట్టమనలేదు, జాతర చేయమనలేదు.

కెజియమ్మ ఆ ఆదివారమే రాయి తుడుచుకుంటున్న దొర దగ్గరకు వెళ్ళి, చేయి చాచి పచ్చబొట్టు చూపించింది. ఇరవై ఏళ్ళు రేవులో ఉన్న మనిషి కాబట్టి ఆయనకు తెలుగు వచ్చు.

"చిన్న రాయి చాలండి దొరగారూ. మా ఇంటాయన పేరు."

"దేహం ఎక్కడ ఉంది?"

"సముద్రంలోనండి."

"అయితే ఇక్కడ రాయి కుదరదమ్మా."

దొర ఆమె మీద జాలిపడ్డాడు. తోట ఊడ్చే పని ఇప్పించాడు. దానితో కెజియమ్మ రోజూ అప్పటికి ఉన్న రాళ్ళన్నిటి చుట్టూ ఆకులు ఊడ్చేది. అందులో దొర రాయి కూడా ఒకటి. భర్తకు జానెడు జాగా దొరకని మనిషి, ఇంకా చావనివాడి రాయి కింద పొగడపూలు ఎత్తిపోసింది.

ఆరేళ్ళు గడిచాక దొరకు గుండెజబ్బు చేసింది. తన దేశంలో వైద్యం చేయించుకుని తిరిగొస్తానని ఓడెక్కాడు. నడిసముద్రంలో జ్వరం వచ్చి పోయాడు. ఓడ పద్ధతి ప్రకారం గోనెగుడ్డలో కుట్టి నీళ్ళలో దించేశారు. అయిదు నెలల తరువాత ఆ సంగతి ఉత్తరంలో వచ్చింది. కమిటీవారు విచారించి, రాతిమీద తేదీ చెక్కమని మౌనాచారికి కబురుపెట్టారు.

మౌనాచారి ఉలి పట్టుకుని కూర్చున్నాడు. పాదిరీ గారు తేదీ రాసిన కాగితం పట్టుకుని పక్కన నిలబడ్డారు. కెజియమ్మ చీపురు గోడకు ఆనించి వచ్చింది.

"అయ్యగారూ, దొరగారి ఒళ్ళు ఎక్కడుందండి?"

"సముద్రంలో కెజియమ్మా."

"మా ఇంటాయనా అక్కడే ఉన్నాడు గదండీ."

ఆమె గొడవ పెట్టుకోలేదు. ఆ మాట అని మళ్ళీ చీపురు తీసుకుంది. పాదిరీ గారు మాత్రం కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. మౌనాచారి ఉలి కింద పెట్టేశాడు. పేరుకు మౌనాచారే గాని, సాయంత్రానికి కోటపేట అంతటా చెప్పేశాడు.

కమిటీవారు రెండు వారాలు తలలు బద్దలు కొట్టుకున్నారు. నియమం కొట్టేద్దామంటే అది పోయిన దొర స్వహస్తంతో రాసినది. రాయి పీకేద్దామని నాలుగు జతల ఎద్దులు కడితే అది కదల్లేదు. ఆయన వేయించిన పునాది అలాంటిది. చివరికి పాదిరీ గారు నియమం మళ్ళీ చదివారు. దేహం లేనిచోట పేరు చెక్కిన రాయి ఉండకూడదు. అంటే పేరు లేని రాయి ఉండవచ్చు. పేరు తీసేయమన్నారు.

మౌనాచారి పదకొండు రోజుల్లో చెక్కిన అక్షరాలను తొమ్మిది రోజులు నూరాడు. ఇసుక, నీళ్ళు పోసి, ఇంకో రాతితో రుద్దడమే పని. చేతులు పుళ్ళయ్యాయి. తొమ్మిదోనాటికి రాతికి మెరుపు పోయి, బూడిదరంగు తిరిగింది. మెరుపున్న రాతిమీద నీళ్ళు జారిపోతాయి. నూరిన రాయి కాస్త తడి పీల్చి నల్లబడుతుంది. ఈ సంగతి మేస్త్రికి తెలుసు, కెజియమ్మకు తెలియదు.

ఆ పూట ఆమె రాయి దగ్గర ఆగింది. మౌనాచారి నీళ్ళమూకుడు అక్కడే ఉంది. కుడిచేతి చూపుడువేలు అందులో ముంచింది. ఎడమ ముంజేయి కళ్ళముందు పెట్టుకుని, చదువు రాని మనిషి, ముగ్గు చూసి ముగ్గు వేసినట్టు, ఆ రెండక్షరాలనూ రాతిమీద దించింది. తీతు. మధ్యాహ్నపు ఎండలో అది నల్లగా నిలబడి, మెల్లగా ఆరిపోయింది. ఆమె ఏడ్చింది. ఓడ మునిగిన వార్త విన్నప్పుడు కూడా అలా ఏడవలేదని మౌనాచారి చెప్పేవాడట.

పాదిరీ గారు పుస్తకం అంతా తిరగేశారు. నీళ్ళను గురించి అందులో ఏ నియమమూ లేదు. ఆ రాత్రి తీతు కలలోకి వచ్చి గడప దాటాడని కొందరంటారు. కెజియమ్మ మాత్రం, ఆ తరువాత ఆయన రానేలేదు, చోటు దొరికినవాడు ఎందుకొస్తాడు అనేదట. నాకు ఆమె మాటమీదే నమ్మకం.

మరునాడు మిగిలిన పదమూడుమంది కళాసీల ఇళ్ళనుంచి ఆడవాళ్ళు చెంబులతో వచ్చారు. చదువు రానివారికి మౌనాచారే పేరు ఇసుకలో గీసి చూపించేవాడు. కొన్నేళ్ళకు కొత్త పాదిరీ గారు వచ్చి తొమ్మిదో నియమం కొట్టేశారు. తీతు పేరు చెక్కిస్తానని కెజియమ్మను పిలిపించారు. అప్పటికి రాయి ముందు చెంబులు పట్టుకుని ఏడెనిమిదిమంది నిలబడి ఉన్నారు. ఆమె వాళ్ళను చూసింది.

"మా ఇంటాయన పేరు చెక్కేస్తే వీళ్ళంతా ఎక్కడ రాసుకుంటారండీ అయ్యగారూ? రాయి ఒకటే గదా."

అందుకే ఈ రాతిమీద నేటికీ అక్షరం లేదు. పది అడుగుల అవతల, నేటివు క్రైస్తవులని దొరలు పిలిచిన ఈ ఊరి క్రైస్తవుల వైపు, మోకాలెత్తు రాయి ఒకటి ఉంది. దయచేసి అదికూడా చూసి వెళ్ళండి. ముసలి మౌనాచారి ఆఖరున చెక్కిన రాయి అది. "తీతు భార్య కెజియమ్మ" అని ఉంటుంది. తీతు అన్న రెండక్షరాలు మిగతావాటికన్నా పెద్దవి, లోతైనవి. ఏటా నవంబరులో చర్చిలో ఆ రాతిమీద ఉన్నది ఉన్నట్టు చదువుతారు.

ఇప్పుడు ఈ రాయి దగ్గరకు అన్ని మతాలవారూ వస్తారు. పేరు రాస్తే ఏమొస్తుందని అడుగుతారు. ఉద్యోగాలు రావు, రోగాలు పోవు. కలలో తడిబట్టలతో నిలబడేవారు నిలబడడం మానేస్తారు. ఈ స్థలం ఇచ్చే ఫలం అదొక్కటే, అదికూడా అనుభవించినవారు చెప్పగా రాస్తున్నాను.

అనుభవించినవారిలో నేనూ ఉన్నాను. మా అన్నయ్య దైవసహాయం ఉప్పెన వచ్చిన ఏడాది చేపలవేటకు వెళ్ళి రాలేదు. నలభై ఏళ్ళుగా ప్రతినెలా మొదటి ఆదివారం వచ్చి అన్నయ్య పేరు రాస్తున్నాను. అయిదక్షరాలు. ఒకప్పుడు చకచకా రాసేదాన్ని. ఇప్పుడు డెబ్బై ఎనిమిదేళ్ళ చేయి వణుకుతుంది. చివరి అక్షరానికి వచ్చేసరికి మొదటిది ఆరిపోతోంది. మూడేళ్ళపాటు ఆ పేరు మొత్తంగా కళ్ళబడలేదు.

కాపలాదారు భార్య సువార్తమ్మ ఇది గమనించి ఒక ఆదివారం తన వేలు కూడా చెంబులో ముంచింది. అప్పటినుంచి దై, వ, స నేను రాస్తాను. హా, యం ఆమె రాస్తుంది. ఒక్క క్షణం మా అన్నయ్య పేరు పూర్తిగా కనిపిస్తుంది. ఇద్దరు కలిసి రాయకూడదని ఏ పుస్తకంలోనూ లేదు. మీకు చేయి వణికితే సువార్తమ్మను అడగండి. గేటు పక్క ఇంట్లోనే ఉంటుంది.