రాణిగారి ఆఖరి ఆవకాయ జాడీ

కథ చెబుతాను కానీ, ఊఁ కొట్టనివాళ్ళకు సగమే చెబుతాను. కొట్టారా? అయితే వినండి.

అనగనగా చూతపురమనే రాజ్యం. దానికి విజయకేతు అనే రాజుగారు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడికి కత్తి పిచ్చి, నడిపివాడికి గుర్రం పిచ్చి, చిన్నవాడికి తిండి పిచ్చి. వేసవిలో రాణి హేమవల్లి స్వయంగా ఆవకాయ కలుపుతుంటే, చిన్నవాడు ఆ పెద్ద గిన్నె పక్కనే మఠం వేసుకుని కూర్చునేవాడు. ఆవకాయ జాడీలకెత్తాక, గిన్నెకు అంటుకున్న దాంట్లో వేడన్నం వేసి కలిపి ముద్దలు పెట్టేదావిడ. మొదటి ముద్ద ఎవరికో నేను చెప్పాలా? అందుకే వాణ్ణి అందరూ గిన్నెరాజు అనేవాళ్ళు.

ఒక ఏడు రాణిగారు జ్వరంతో కన్నుమూసింది. రాజ్యమంతా ఏడ్చింది. గిన్నెరాజుకు మాత్రం ఏడుపు రాలేదు. చేపముల్లులా గొంతులోనే ఇరుక్కుపోయింది. రాజుగారేమో రాణి చేతి ఆఖరి జాడీ ముందు పెట్టుకుని, రోజుకొక్క ముక్క నంజుకుని నాలుగు మెతుకులు తినేవాడు.

ఏడు సముద్రాల అవతల ఉన్న కరాళ మాంత్రికుడి ముక్కుకు ఆ ఘుమఘుమ తగిలింది. గద్దలా వచ్చాడు, జాడీ తన్నుకుపోయాడు! రాజుగారు అన్నం ముట్టడం మానేశాడు. ఉత్త మజ్జిగ నీళ్ళే.

"నెల దాటితే కష్టం" అన్నాడు రాజవైద్యుడు.

పెద్దవాడు కత్తి దూసి బయల్దేరాడు. మూడో సముద్రంలో కడుపు తిప్పి వెనక్కొచ్చాడు. నడిపివాడు గుర్రాన్ని పడవెక్కించాడు. ఐదో సముద్రంలో గుర్రానికి కడుపు తిప్పింది. గిన్నెరాజు పండుమిరపకాయల మూట ఒకటి కట్టుకుని, ముసలి తాబేలు వీపెక్కాడు.

"ఎంత బరువున్నావు నాయనా!" అంది తాబేలు.

"అదంతా మా అమ్మ పెట్టిందే తాతా, జాగ్రత్తగా మొయ్యి."

రోజుకో సముద్రం. ఏడో రోజుకు ద్వీపం చేరారు. అక్కడ దొంగిలించిన జాడీల గది తుడుస్తూ నాగమల్లి అనే రాజకుమారి కనిపించింది. మాంత్రికుడు ఎత్తుకొచ్చాడామెను.

"నువ్వా వీరుడివి? పొట్ట చూస్తే భోజనానికొచ్చినట్టున్నావు" అంది.

"భోజనానికే వచ్చాను" అన్నాడు గిన్నెరాజు.

ఆమె ఫక్కున నవ్వింది. గుట్టు చెప్పింది. "వాడి ప్రాణం అదిగో, ఆ చిలుకలో ఉంది. ఎన్ని వలలేసినా చిక్కదు."

గిన్నెరాజు ఒక పండుమిరపకాయ దూరంగా విసిరాడు. చిలుక తినేసింది. రెండోది మోకాలి మీద పెట్టాడు. "అబ్బ, ఈ చప్పిడి ద్వీపంలో ఎన్నాళ్ళకు!" అంటూ వచ్చి తినేసింది. మూడోది అరచేతిలో పెట్టాడు. చిలుక వాలగానే టక్కున పిడికిలి బిగించాడు!

కరాళుడు తన మెడ తానే పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "బాబ్బాబు, వదులు! జాడీ ఇచ్చేస్తాను!"

ఇచ్చాడు. గిన్నెరాజు మూతిగుడ్డ విప్పాడు. అడుగున గుప్పెడే మిగిలింది. కానీ వాసన! అమ్మ కొంగు వాసన, వేసవి వాసన, గిన్నె పక్కన కూర్చున్న మధ్యాహ్నాల వాసన. గొంతులో ముల్లు కదిలింది. అమ్మ పోయాక మొదటిసారి భోరుమని ఏడ్చాడు. కన్నీళ్ళు టపటపా జాడీలో పడ్డాయి.

"తడి!" అని కేక పెట్టింది నాగమల్లి. "తడి తగిలిందయ్యో! నాలుగు రోజుల్లో బూజు పట్టేస్తుంది!"

ఇంటికేమో ఏడు రోజుల ప్రయాణం. నాన్న ప్రాణం ఆ జాడీలో ఉంది. తన చేతులారా పాడు చేశాడు!

"ఇప్పుడేం చెయ్యను?"

"పారేస్తామా? తినెయ్యడమే" అని ఆమె వేడన్నం తెచ్చింది.

జాడీ అడుగు ఊడ్చి కలిపితే మూడు ముద్దలయ్యాయి. ఒకటి నాగమల్లికి పెట్టాడు. ఒకటి, పోనీలే అని, కరాళుడికి పెట్టాడు. వాడు నములుతూ వెక్కివెక్కి ఏడ్చాడు. "వెయ్యి జాడీలు నాకాను. ఏ ఒక్కటీ ఇలా లేదే!"

"ఎవరైనా పెడితే తినాలి. ఎత్తుకొచ్చి నాకితే ఏం తెలుస్తుంది?" అంది నాగమల్లి.

ఆఖరి ముద్ద గిన్నెరాజు నోట్లో పెట్టుకున్నాడు. నాలుక మీద ఇదిగో ఆవపిండి, ఇదిగో మెంతులు, ఇదిగో పొట్టు తియ్యని వెల్లుల్లి, అమ్మ గుప్పెళ్ళతో పోసే శనగలు... చటుక్కున లేచాడు.

"నాకొచ్చు! పదహారు వేసవులు పక్కనే కూర్చుని చూశాను, నాకొచ్చు!"

కరాళుడికి చిలుకనిచ్చేసి, నాగమల్లితో తాబేలెక్కాడు. కోటలో అడుగుపెట్టగానే అన్నలు అడిగారు. "జాడీ ఏదిరా?"

"తినేశాను."

"తినేశావా!"

"అరుపులు తర్వాత. పెద్దన్నా, ఆ కత్తి పొడిగా తుడిచి మామిడికాయలు కొట్టు. చిన్నన్నా, ఆవాలు దంచు!"

గిన్నె నిండా కలిపాడు, జాడీకెత్తాడు. గిన్నెలో వేడన్నం కలిపి మొదటి ముద్ద నాన్న నోటికందించాడు. రాజుగారు మెల్లగా నమిలాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

"ఉప్పెక్కువైందిరా."

గిన్నెరాజు మొహం వాడిపోయింది.

"మా పెళ్ళయిన ఏడు మీ అమ్మ మొదటిసారి కలిపినప్పుడూ ఇంతే ఉప్పు! మూడు రోజులు అలిగింది, నేను నిజం చెప్పానని" అంటూ రాజుగారు నవ్వాడు. "ఊఁ, చూస్తావేం? ఇంకో ముద్ద పెట్టు!"

ఆ నెలలోనే గిన్నెరాజుకూ నాగమల్లికీ పెళ్ళి. రాజ్యాన్ని అరవై వేసవులు ఏలారు. ఏటా ఆవకాయ కలిపే రోజున గిన్నె ముందు పిల్లలు వరస కట్టేవాళ్ళు. ఆ వరసలో భుజాన చిలుకతో ఒక గడ్డపాయన కూడా నిలబడేవాడు.

ఇంక కథ లేదు. ఏమిటలా చూస్తారు, ఆకలేస్తోందా?