కొలువంతా నీళ్ళు పోసిన వెదురు

గుమ్మడిదుర్గం రాజు పద్మనాభభూపతికి ఏదైనా నచ్చిందంటే ఇక దాని పని అయిపోయినట్టే. ఆయనకు నచ్చితే కొలువంతటికీ నచ్చాలి మరి.

ఒకసారి ఒక కొండదొర కానుకగా వెదురుపొద తెచ్చాడు. రాజుగారు దాన్ని తన పడకగది కిటికీ ఎదుట నాటించారు. గాలి వీస్తే ఆకులు గలగలలాడేవి. ఆ సవ్వడికి మధ్యాహ్నం పూట ఆయనకు కమ్మగా నిద్ర పట్టేది. ఆ సంతోషంలో ఒకనాడు పొద్దున్నే తానే ఒక చెంబెడు నీళ్ళు తెచ్చి పొద మొదట్లో పోశారు.

అంతే. మర్నాటి నుంచి మంత్రి చెంబు పట్టుకొచ్చాడు. సేనాపతి బిందె తెచ్చాడు. ఉద్యానాధికారి దుగ్గిరాజు వెండి గంగాళం మోయించుకుని, సన్నాయి ముందు నడవగా వచ్చాడు. అందరూ కిటికీకి కనిపించే వైపే నిలబడి పోసేవారు. అక్కడ చోటు కోసం తోపులాట కూడా జరిగేది.

కొన్నాళ్ళకు ఆకులు పసుపెక్కాయి. కొత్త మొలకలు కుళ్ళి వాలిపోయాయి. రాజుగారికి నిద్ర కరువై కోపం ఎక్కువైంది.

దుగ్గిరాజు వెంటనే తోటమాలి గంగులు మీద నేరం మోపాడు. పెద్దలంతా నీళ్ళు మోస్తుంటే వాడు సోమరిగా కూర్చున్నాడని, అందుకే మొక్క అలిగిందని చెప్పాడు. రేపు పొద్దు గుంకేలోగా గంగులు పెళ్ళాంబిడ్డలతో రాజ్యం విడిచిపోవాలని రాజుగారు ఆజ్ఞ ఇచ్చేశారు.

కొలువులో మైలారయ్య అని ఒకాయన ఉండేవాడు. రాజుగారిని నవ్వించడం తప్ప ఆయన ఉద్యోగం ఏమిటో ఎవరికీ సరిగ్గా తెలియదు. సంగతి విని ఆయన తోటకు వెళ్ళాడు. గుడిసె ముందు గంగులు భార్య ఏడుస్తూ గిన్నెలు మూటకడుతోంది. మైలారయ్య మనసు కలుక్కుమంది.

"దిష్టి తగిలిందయ్యా," అన్నాడు గంగులు. "ఇంతమంది పెద్దోళ్ళ కళ్ళు పడితే మొక్కకు తగలదా? రోజూ దిష్టి తీసి ఆ నీళ్ళు మొదట్లోనే పోస్తన్నా."

"నువ్వు కూడా పోస్తున్నావూ!" అని మైలారయ్య పొద వైపు అడుగు వేశాడు. కాలు పిక్కదాకా బురదలో దిగబడింది. లాక్కుంటే కాలొచ్చింది గానీ చెప్పు రాలేదు. సంగతి అర్థమై ఆయన ఒంటిచెప్పుతోనే కొలువుకు నడిచాడు.

అక్కడ ఆయన మెల్లగా, వెదురుకు నీళ్ళు మరీ ఎక్కువయ్యాయేమోనని రాజుగారి దగ్గర అనుమానం వెలిబుచ్చాడు. దుగ్గిరాజు పకపకా నవ్వాడు.

"ప్రేమతో పోసింది ఎక్కడన్నా ఎక్కువవుతుందా మైలారయ్యా?"

రాజుగారు తల ఊపారు. ఆ నీళ్ళలో ఆయన చెంబు కూడా ఉంది కదా, ఊపక ఏంచేస్తారు. ఎదురు చెబితే గంగులుకు తోడు తానూ మూట కట్టుకోవాల్సిందేనని మైలారయ్యకు అర్థమైంది. అందుకని దుగ్గిరాజు మాట బంగారమని ఒప్పేసుకుని, రేపు మధ్యాహ్నం ఆయనకు గౌరవంగా ఒక విందు చేయించమని కోరాడు. వెదురుకు నీళ్ళు పోసినవారంతా ఆయనకు తమ చేత్తో వడ్డించాలి. ఆ విందులోనే అసలు నేరస్థుణ్ణి పట్టిస్తానని, పట్టించలేకపోతే గంగులు వెంట తానూ ఊరు దాటుతానని మాట ఇచ్చాడు.

మర్నాడు దుగ్గిరాజు మీసం దువ్వుకుంటూ విస్తరి ముందు కూర్చున్నాడు. రాజుగారు ఎదురుగా కూర్చుని తొలి బూరె తానే వడ్డించారు. మంత్రి రెండు వేశాడు. మంత్రి కంటే తక్కువవుతానా అని సేనాపతి నాలుగు వేశాడు. వెనక కొలువంతా బుట్టలతో బారులు తీరింది. ప్రతివాడూ రాజుగారికి కనిపించేటట్టు వంగి, నెయ్యి ధారగా పోసి మరీ వడ్డిస్తున్నాడు.

దుగ్గిరాజు ముందు నవ్వుతూ తిన్నాడు. తర్వాత నడికట్టు వదులు చేసుకుని తిన్నాడు. ఆ తర్వాత నవ్వు పోయింది. కోశాధికారి బుట్ట ఎత్తేసరికి ఇక చాలంటూ విస్తరికి చెయ్యి అడ్డం పెట్టాడు.

మైలారయ్య ఆ చేతిని సున్నితంగా పక్కకు జరిపాడు.

"ప్రేమతో పెట్టింది ఎక్కడన్నా ఎక్కువవుతుందా దుగ్గిరాజుగారూ?"

బూరెలు మళ్ళీ పడ్డాయి. దుగ్గిరాజు రెండు చేతులూ అడ్డం పెట్టాడు. పురోహితుడు ఆ చేతుల మీదే వడ్డించాడు. దుగ్గిరాజు ముఖం పసుపెక్కింది, ఒళ్ళంతా చెమట పట్టింది.

"ప్రభూ, ఆపమనండి," అని మూలిగాడు. "వీళ్ళు ప్రేమతోనే నన్ను చంపేస్తున్నారు."

మైలారయ్య లేచి రాజుగారికి దండం పెట్టాడు. నేరస్థులు దొరికారని, ఒకరు కాదు, బుట్టలు పట్టుకుని వరసలోనే నిలబడి ఉన్నారని మనవి చేశాడు. రాజుగారికి అంతు చిక్కలేదు. విడమరిచి చెప్పమన్నారు.

"దుగ్గిరాజుగారికి చేతులున్నాయి, అడ్డం పెట్టారు. వెదురుకు ఆకులే ఉన్నాయి ప్రభూ, చేతులు లేవు."

బుట్టలన్నీ మెల్లగా కిందికి దిగాయి. రాజుగారు వెదురున్న దిక్కు చూశారు, తర్వాత బూరెల గుట్ట వైపు చూశారు. ఆయన ముఖం చిన్నబోయింది.

"మొదటి చెంబు పోసింది నేనే కదా మైలారయ్యా."

మైలారయ్య తడుముకోకుండా బదులిచ్చాడు.

"తొలి వడ్డన ఇంటి యజమానిదే ప్రభూ. దానితో ఎవరికీ అజీర్ణం చెయ్యదు. చేసేదంతా కొసరు వడ్డనలే."

రాజుగారు కళ్ళ వెంట నీళ్ళు వచ్చేలా నవ్వారు. అక్కడికక్కడే గంగులును పిలిపించి, ఇకమీదట వాడు సరే అంటే తప్ప ఎవరూ వెదురుకు చుక్క నీరు పోయరాదని, తనకూ అదే చట్టమని ప్రకటించారు. చేతి బంగారు కడియం తీసి మైలారయ్యకు తొడిగారు. కబురు అందగానే గంగులు భార్య మూట విప్పడానికి పరుగెత్తింది.

కొలువంతా విరగబడి నవ్వింది. దుగ్గిరాజు కూడా నవ్వబోయాడు గానీ, పాపం, కడుపులో నవ్వుకు చోటు లేదు.