పాడె కాని వెదురు

అనగనగా, కొండ ఊరికి అడ్డమో, ఊరే కొండకి అడ్డమో ఇంకా తేలని కాలంలో, మేదర వీధిలో నూకాలు ఉండేది. బుట్టలు అల్లేది. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. అక్క పోతూ పోతూ తన పసిగుడ్డు పైడిని నూకాలు ఒళ్ళో పెట్టి కన్నుమూసింది. అక్క మొగుడు అప్పన్న పక్కింట్లోనే ఉండేవాడు. మంచివాడే పాపం. వాడికి ఉన్న జబ్బు ఒకటే, ముందుజాగ్రత్త. మబ్బు పట్టకముందే గొడుగు విప్పే రకం.

ఒక ఏడు నూకాలు మోకాలి ఎముకలో రాచపుండు పుట్టింది. బండి కట్టించుకుని పట్నం పెద్దాసుపత్రికి పోయింది. డాక్టర్లు కాలు తీసేశారు. రాచపుండు వచ్చినవాళ్ళు తిరిగి రారని ఊరి నమ్మకం. పైగా వానలు పడితే కొండదారి మూసుకుపోతుంది, పాడెకు వెదురు దొరకదు. అప్పన్న ఏడుస్తూనే కొండెక్కాడు. ఏడుస్తూనే రెండు పచ్చి వెదుళ్ళు కొట్టి అరుగు పక్కన పెట్టాడు.

కొన్ని నెలలకు నూకాలు చంకలో కర్రతో బండి దిగింది.

"బావా, ఈ ఎదుళ్ళు ఎవలికి?"

అప్పన్న తల దించుకున్నాడు. "నీకే. మరేటి సెయ్యమంతావ్?"

నూకాలు విరగబడి నవ్వింది. "ఇంకా ఎండితే సీల్సడానికి రావు. కత్తి ఇలాగ తే. నాకు ఒంటికాలే మిగిలింది, నీ కాలు ఇక్కడెట్టు."

మేదరవాళ్ళు బుట్ట అడుగును రెండు కాళ్ళతో తొక్కిపట్టి అల్లుతారు. ఒక పక్క నూకాలు కాలు, ఒక పక్క అప్పన్న కాలు. పాడె కావలసిన వెదురు గంప అయింది.

రెండేళ్ళు చల్లగా గడిచాయి. తర్వాత దగ్గు పట్టుకుంది. ఎముకలో పుట్టిన రాచపుండు ఊపిరితిత్తుల్లో మొలిచింది. జొన్నగింజలంత గడ్డలు. పట్నంలో ఛాతీ కోసి వాటిని తీశారు. అప్పన్న మళ్ళీ ఏడ్చాడు, మళ్ళీ కొండెక్కాడు, మళ్ళీ రెండు వెదుళ్ళు కొట్టాడు. నూకాలు మళ్ళీ బండి దిగింది.

"బావా, ఈ ఎదుళ్ళు ఎవలికి?"

"నీకే."

నూకాలు మళ్ళీ నవ్వింది. "నీ కాలు ఇక్కడెట్టు."

పాడె కావలసిన వెదురు కోళ్ళగూడు అయింది.

ఏడాది తిరగలేదు. గడ్డలు మళ్ళీ వచ్చాయి, ఈసారి రెండు వైపులా. మళ్ళీ కొయ్యాలి, ఆపైన నరంలోకి మందు ఎక్కించాలి. ఆ మందుకు తిన్నది ఇమడదు, జుట్టు నిలవదు అన్నారు. ఈసారి నూకాలు నవ్వలేదు.

"నేనెల్లను బావా. అలిసిపోనాను. నువ్వెల్లి ఎదురు కొట్టుకో."

అప్పన్న చేతిలో కత్తి ఉంది. దాన్ని తీసుకెళ్ళి నూతిలో పారేశాడు. మేదరవాడు కత్తి పారేయడం ఆ ఊరు అంతకుముందు ఎరగదు.

"కొట్టను. ఒకమ్మ పోయిందని పైడికి సెప్పినాను. రెండో అమ్మ కూడా పోయిందని ఈ నోటితో సెప్పలేను. నీకు బతకాలనున్నా లేకపోయినా మాకు నువ్వు కావాల. బండెక్కు."

నూకాలు బండెక్కింది.

ఆర్నెల్లకు దిగింది. బోడిగుండు, చీపురుపుల్లంత ఒళ్ళు. అరుగు పక్కకి చూసింది. ఏమీ లేదు.

"ఎదుళ్ళేవి బావా? నన్నేటి అల్లుకోమంతావ్?"

అప్పన్న వీధిలో ఎవరిదో కత్తి అడుక్కుని పరుగున కొండెక్కాడు. నూకాలు కోసం వెదురు కొడుతూ మొదటిసారి నవ్వాడు. ఆ వెదురు ఊయల అయింది. తర్వాతి కాలంలో పైడి బిడ్డలు ముగ్గురూ అందులోనే ఊగారు. జబ్బు నాలుగోసారి రాలేదు. ఎందుకు రాలేదో డాక్టర్లకూ తెలియదు. అందరికీ అంత అదృష్టం ఉండదని ఊరికీ తెలుసు.

నూకాలు పండు ముసలిదై, ఒక పగటిపూట కునుకులోనే పోయింది. ఇంట్లో పాడెకు ఒక్క వెదురు లేదు. ఊరంతా కొండెక్కి తెచ్చేసరికి పొద్దు వాలింది.

ఇప్పటికీ ఆ ఊళ్ళో ఎవరికైనా పెద్ద జబ్బు చేస్తే ఇరుగుపొరుగు గుమ్మంలోకి వచ్చి, "నా కాలు ఎట్టమంతావా?" అని అడుగుతారు. వండిపెడతారు, బండి కడతారు, పిల్లల్ని చూస్తారు. పాడెకు వెదురు మాత్రం మనిషి పోయాకే కొడతారు. ఎండలో నిలబడ్డ పొరుగూరి చుట్టాలు, "ముందుగా సూసుకోవద్దా?" అని విసుక్కుంటారు.

"సూసుకున్నాం బాబూ, రెండుసార్లు," అంటారు ఊరివాళ్ళు. "రెండుసార్లూ మా నూకాలమ్మ బండి దిగి నవ్వింది."