చెయ్యి జారలేదు

ఈ సంగతి నాకు మొదట చెప్పినవాడు సంగాడి లోవరాజు. లాంచీలో చుక్కాని పని నేర్చుకుంటూ, దాన్ని నడిపే సరంగు ఓలేటి ధర్మయ్య గారి పక్కన నిలబడి కళ్లారా చూసినవాడు. తర్వాత తలా ఒక రకంగా చెప్పుకున్నారు. వాటిని నేను లెక్క చెయ్యను.

శిష్యుడు ఏదడిగినా ధర్మయ్య గారు వెంటనే చెప్పే మనిషి కాదు. ఆ ఉదయం గోదావరి ఎర్రగా, ఒడ్లు ఒరుసుకుని పారుతోంది. లాంచీలో నలభై మంది. లోవరాజు అడిగాడు: "గురువుగారూ, ఫలానావాడు కావాలని చేశాడంటారు. చేసేది చెయ్యే కదా. కావాలని చేసిందో, జారి చేసిందో ఎలా తెలుస్తుందండీ?"

ఆయన కాళ్ల కింద చప్పుడు వింటున్నారు. అడుగున పుచ్చిన చెక్క ఒకటి విడిపోయి, నీళ్లు లోపలికి వస్తున్నాయి. జనానికి తెలీదు. రేవు ఇంకా అరగంట దూరం. ఎడమపక్క నీళ్లలో రాతిగట్టు ఒకటి ఉంది. ఏ సరంగైనా దాన్ని తప్పించుకునే పోతాడు.

ధర్మయ్య గారు తలపాగా విప్పి నడుముకి బిగించారు. గొంతు పెంచకుండా, పంక్తిలో విస్తళ్లు వెయ్యమన్నట్టు చెప్పారు: "పిల్లల్ని ఒళ్లోకి తీసుకోండమ్మా. అందరూ బల్లలు పట్టుకోండి. లాంచీని రాతిమీదికి ఎక్కిస్తున్నాను."

"మతిగానీ పోయిందేంటయ్యా నీకు?" అంది ఒక ముసలావిడ.

"పోతే పోయింది. పట్టుకున్నావా మామ్మా?"

ఆవిడ పట్టుకున్నాకే చుక్కాని తిప్పారు.

ముందు భాగం పగిలింది. నలభై మందీ మోకాలి లోతు నీళ్లలో గట్టుమీదికి దిగారు. ఆఖరున ఆయన దిగగానే లాంచీ వెనక్కి జారి, చూస్తుండగానే గోదాట్లో కలిసిపోయింది.  ఆ ముసలావిడ వచ్చి, ఆయన చెయ్యి తీసుకుని కళ్లకద్దుకుంది.

సాయంత్రం ఓనరు వచ్చాడు. చెక్క పుచ్చిన సంగతి బయటికి రాకూడదని అతని భయం. "చెయ్యి జారిందని చెప్పు ధర్మయ్యా. పొరపాటుని ఎవరైనా మన్నిస్తారు. కావాలని గుద్దానన్నావంటే, ఇక ఈ ఏటిమీద నీకు చుక్కాని ఇచ్చేవాడుండడు."

"ముప్పై ఏళ్లలో నా చెయ్యి జారలేదండి. ఎక్కించింది నేనే."

ఆ తర్వాత నిజంగానే ఎవరూ ఇవ్వలేదు. ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ లోవరాజు ఏడిస్తే ఆయన అన్నారట: "ఏడుస్తావేంట్రా? ఆ గుద్దు నాది. ఇంకోడికి ఎందుకిస్తాను?"

రేవు ఆఫీసు పుస్తకంలో మాత్రం, ఓనరు చెప్పినట్టే, 'చెయ్యి జారి' అని ఉంది. రెండుసార్లు అర్జీ రాసుకెళ్లి మార్చమన్నాను. నా వంకర అక్షరాలు చూసి గుమాస్తా నవ్వాడు. ఆ నవ్వు నేను మర్చిపోలేదు. చదువుకున్నవాళ్లు ఎవరైనా వెళ్లి, ఆ మాట కొట్టేసి, కావాలనే ఎక్కించాడని రాయించండి.